విదేశీ యూనివర్సిటీకి అప్లై చేయడం ఎలా? గడువు నుంచి వెనక్కి వేసుకునే లెక్క

ఏ కాగితాలు కావాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి, రికమెండేషన్ ఎవర్ని అడగాలి, ఎస్‌ఓపీలో (స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే ఎందుకు చదవదలచుకున్నారో చెప్పే వ్యాసంలో) ఏం రాయాలి? విదేశాల్లో చదవాలనుకునే విద్యార్థులు ఎక్కువగా అడిగేవి ఇవే. ఈ గైడ్ ప్రధానంగా మాస్టర్స్‌కి వెళ్లేవాళ్ల కోసం. బ్యాచిలర్స్‌కి తేడా ఉన్నచోట ఆ మాట అక్కడే చెప్పాం.

మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి. అప్లికేషన్‌లో మీ చేతిలో ఉన్న పనులు కొన్ని, ఇతరుల చేతిలో ఉన్నవి కొన్ని. ఎస్‌ఓపీ, సీవీ, ఫారం నింపడం మీ చేతిలోవి. పట్టుబట్టి కూర్చుంటే అయిపోతాయి. ట్రాన్‌స్క్రిప్ట్ (యూనివర్సిటీ ఇచ్చే అధికారిక మార్కుల పత్రం), రికమెండేషన్ లెటర్, పరీక్ష స్లాట్, స్కోర్ రిపోర్ట్ మాత్రం మీరెంత తొందరపడినా వాటి టైమ్‌కే వస్తాయి. చాలామంది ఎస్‌ఓపీతో మొదలుపెట్టి నెలలు గడిపేసి, గడువు పది రోజుల్లో ఉందనగా ప్రొఫెసర్ గది ముందు నిలబడతారు. ఆ వరస తిరగెయ్యండి. ఇతరుల చేతిలో ఉన్న పనులు ముందు.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- పాస్‌పోర్ట్. కోర్సు మొదలయ్యాక కూడా కనీసం ఆరు నెలలు చెల్లాలి. అంతకంటే తక్కువుంటే ఇప్పుడే రెన్యూ చేయించండి. మధ్యలో నంబర్ మారితే పరీక్ష రిజిస్ట్రేషన్ దగ్గర్నుంచి అన్నిచోట్లా మార్చుకోవాల్సి వస్తుంది.
- అన్ని సెమిస్టర్ల మార్కుల మెమోలు, డిగ్రీ సర్టిఫికెట్ లేదా ప్రొవిజనల్. ఇంకా చదువుతుంటే బోనఫైడ్.
- ఇంగ్లిష్ పరీక్ష (ఐఈఎల్‌టీఎస్ లేదా టోఫెల్) స్కోరు. ప్రోగ్రాం అడిగితే జీఆర్‌ఈ లేదా జీమ్యాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు.
- లెటర్ రాసే ముగ్గురి పేర్లు, హోదాలు, వాళ్ల సంస్థ ఇచ్చిన ఈమెయిల్ ఐడీలు.
- సీవీ, ఎస్‌ఓపీ.
- విదేశీ చెల్లింపులకు పనికొచ్చే కార్డు. కొన్ని కార్డుల్లో అంతర్జాతీయ లావాదేవీలు ఆఫ్ చేసి ఉంటాయి. ముందే ఆన్ చేయించుకోండి.
- ఈ పనికే కేటాయించిన సొంత ఈమెయిల్. కాలేజీ ఇచ్చిన ఐడీ వాడకండి. చదువు పూర్తయ్యాక అది మూతపడితే అడ్మిషన్ ఉత్తరం చేరదు.
- ఒక ఎక్సెల్ షీట్. ప్రోగ్రాం పేరు, గడువు, ఏ టైమ్‌జోన్, ఫీజు, స్కోర్ పంపిన తేదీ, ఒక్కో లెటర్ స్థితి, పోర్టల్ లింక్ దానిలో ఉండాలి.

1. గడువులు రాసుకుని వెనక్కి లెక్కపెట్టండి

అమెరికాలో పీహెచ్‌డీ గడువులు ఎక్కువగా డిసెంబరు మొదటి వారం నుంచి జనవరి మధ్య వరకు పడతాయి. మాస్టర్స్ గడువులు అప్పటి నుంచి వసంతం దాకా విస్తరించి ఉంటాయి. జర్మనీలో చాలా కోర్సులకు శీతాకాల సెమిస్టర్ గడువు జులై 15, వేసవి సెమిస్టర్‌ది జనవరి 15. అయితే విదేశీ విద్యార్థులు ఎక్కువగా చేరే ఇంగ్లిష్ మాస్టర్స్ ప్రోగ్రాంలు ఇంతకంటే నెలల ముందే మూసేస్తాయి. బ్రిటన్‌లో బ్యాచిలర్స్‌కి సాధారణంగా యూకాస్ (అక్కడి యూనివర్సిటీలన్నిటి ఉమ్మడి అప్లికేషన్ సంస్థ) ద్వారా వెళ్లాలి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, చాలా వరకు మెడిసిన్ కోర్సులకు అక్టోబరు 15 గడువు. మిగతా కోర్సుల్లో ఎక్కువ వాటికి జనవరి. అక్కడి మాస్టర్స్ చాలావరకు సీట్లు నిండేదాకా తీసుకుంటారు కాబట్టి ముందొచ్చినవాళ్లకే లాభం.

ఒక్కో గడువు నుంచి వెనక్కి ఇలా వేసుకోండి:

- 6 నెలల ముందు: పరీక్ష రాయాలి. తక్కువొస్తే మళ్లీ రాసే వీలుండాలి. జీఆర్‌ఈకి రెండు ప్రయత్నాల మధ్య 21 రోజుల విరామం తప్పనిసరి.
- 4 నెలల ముందు: ట్రాన్‌స్క్రిప్ట్‌లకు దరఖాస్తు.
- రెండు నెలల ముందు: లెటర్లు అడగడం పూర్తి. ఎస్‌ఓపీ మొదటి చిత్తుప్రతి.
- 3 వారాల ముందు: స్కోర్లు పంపడం.
- 10 రోజుల ముందు: సబ్మిట్.

రెండు జాగ్రత్తలు. ఒకే ప్రోగ్రాంకి ప్రయారిటీ గడువు, చివరి గడువు విడివిడిగా ఉండొచ్చు. స్కాలర్‌షిప్‌కి చాలాచోట్ల మొదటిదే లెక్క. మీ షీట్‌లో ఆ తేదీనే గడువుగా రాసుకోండి. రెండోది టైమ్‌జోన్. చాలా పోర్టళ్లు యూనివర్సిటీ ఉన్న ఊరి సమయం ప్రకారం రాత్రి 11:59కి మూసుకుంటాయి, కానీ యూకాస్ బ్రిటన్ సమయం సాయంత్రం 6 గంటలకే మూసేస్తుంది. ఆ తేదీని మీ స్థానిక సమయంలోకి మార్చి, పక్కనే రాసుకోండి.

2. షార్ట్‌లిస్ట్: ర్యాంకు కాదు, ప్రోగ్రాం పేజీ చదవండి

ఆరు నుంచి ఎనిమిది చాలు. పదిహేనింటికి అప్లై చేస్తే ఎస్‌ఓపీలన్నీ ఒకే మూసలో తయారవుతాయి, లెటర్ రాసేవాళ్లు విసుగెత్తుతారు, ఫీజులు వృథా అవుతాయి. సీటు వస్తుందని గట్టి నమ్మకం ఉన్నవి రెండు, సమానంగా తూగేవి మూడు నాలుగు, పైకి చూసేవి రెండు పెట్టుకోండి.

ఒక్కో ప్రోగ్రాం పేజీలో ఇవి వెతకండి:

ముందుగా చదివి ఉండాల్సిన సబ్జెక్టులు. జర్మనీ, ఇంకా చాలా యూరప్ దేశాల్లో గణితంలో ఇన్ని క్రెడిట్లు, ప్రోగ్రామింగ్‌లో ఇన్ని క్రెడిట్లు అని ఈసీటీఎస్‌లో (యూరప్ దేశాల ఉమ్మడి క్రెడిట్ల కొలతలో) అంకెలు చెబుతారు. ఏడాది పూర్తి చదువు 60 ఈసీటీఎస్‌కి సమానం. మూడేళ్ల డిగ్రీ 180, నాలుగేళ్లది 240. మీ మొత్తం సరిపోయినా వాళ్లడిగిన సబ్జెక్టులో ఐదు క్రెడిట్లు తక్కువైతే ఫైలు అక్కడే ఆగిపోతుంది. అందుకే మీ సిలబస్ తీసి, ఏ సబ్జెక్టు దేని కింద లెక్కకొస్తుందో ఒక పట్టిక వేసుకోండి. కొన్ని యూనివర్సిటీలు అదే పట్టికను ఫారంగా అడుగుతాయి.

ఇంగ్లిష్ స్కోరులో మొత్తంతో పాటు విభాగాలవారీ కనీసం కూడా ఉందేమో చూడండి. "మొత్తం 6.5, ఏ విభాగంలోనూ 6.0కి తగ్గకూడదు" అన్నచోట మొత్తం 7.5 వచ్చినా రైటింగ్‌లో 5.5 ఉంటే సరిపోదు. మొత్తం చూసి ధీమాగా ఉండిపోవడం చాలా తరచుగా జరిగే పొరపాటు.

డిగ్రీ రకం: థీసిస్ ఉందా, కోర్సులతోనే పూర్తవుతుందా? మున్ముందు పీహెచ్‌డీ ఆలోచన ఉంటే థీసిస్ ఉన్నదే చూసుకోవాలి. మీది మూడేళ్ల డిగ్రీ అయితే దాన్ని అంగీకరిస్తారో లేదో కూడా ఇక్కడే తేల్చుకోండి. ప్రోగ్రాం పేజీలో లేకపోతే గ్రాడ్యుయేట్ అడ్మిషన్స్ ఆఫీసుకు రెండు లైన్ల మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.

ఇక ఆ సంస్థ అసలుదేనా అన్నది. అమెరికా అయితే విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉన్న ఎస్‌ఈవీపీ జాబితాలో, బ్రిటన్ అయితే లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల రిజిస్టర్‌లో, కెనడా అయితే డీఎల్ఐ జాబితాలో, ఆస్ట్రేలియా అయితే క్రికోస్ రిజిస్టర్‌లో పేరు ఉండాలి. ఇవన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఒక్కోదానికి రెండు నిమిషాలు చాలు. జర్మనీకి వెళ్లేవాళ్లు దీన్ని తిప్పి కూడా చూడాలి: విదేశీ విద్యాసంస్థలకు జర్మనీలో ఉన్న గుర్తింపును చూపే అనాబిన్ డేటాబేస్‌లో మీరు చదివిన సంస్థకు హెచ్ ప్లస్ (H+, అంటే గుర్తింపు ఉన్నది) అని ఉందో లేదో చూసుకోండి.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్తుంటే ఒక్కటి తెలిసి ఉండాలి. చాలామంది ఏజెంట్లకు విద్యార్థి చేరితే యూనివర్సిటీ నుంచి కమీషన్ వస్తుంది. కమీషన్ ఇవ్వని మంచి యూనివర్సిటీల పేర్లు వాళ్ల జాబితాలో కనిపించకపోవచ్చు. వాళ్ల సాయం తీసుకోండి, కానీ పోర్టల్ అకౌంట్ మీ ఈమెయిల్‌తో తెరవాలి, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి, సబ్మిట్ మీరే నొక్కాలి. ఫారంలో అబద్ధం దొర్లితే శిక్ష పడేది మీకే.

3. పేరు అన్నిచోట్లా ఒకేలా ఉండాలి

పాస్‌పోర్ట్‌లో ఎలా ఉంటే పరీక్ష రిజిస్ట్రేషన్‌లో, అప్లికేషన్‌లో అక్షరం తేడా లేకుండా అలాగే ఉండాలి. మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉందనుకోండి. ఆ రెండూ ఒకరివేనని అవతలి కంప్యూటర్‌కి తెలియదు. స్కోరు యూనివర్సిటీకి చేరుతుంది కానీ మీ ఫైలుకు అతుక్కోదు. పోర్టల్‌లో మాత్రం "స్కోర్ రాలేదు" అనే కనిపిస్తుంది.

మెమోల్లో పేరు వేరుగా ఉంటే, రెండు పేర్లూ ఒకే వ్యక్తివని చెప్పే అఫిడవిట్ ఇప్పుడే చేయించి ట్రాన్‌స్క్రిప్ట్ పీడీఎఫ్ చివర కలపండి. ఫారంలో "ఇతర పేర్లు" అనే గడి ఉంటే మెమోలోని పేరు అక్కడ రాయండి. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా పత్రాల్లో ఉన్న పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, పేరు తెలియదు) అని పడుతుంది. చదువంతా ఆ పేరుతో సాగడం ఇబ్బందే. వీలైతే అప్లై చేయకముందే పాస్‌పోర్ట్ సరిచేయించుకోండి.

4. ట్రాన్‌స్క్రిప్ట్, గ్రేడ్లు

పరీక్షల విభాగం నుంచి ట్రాన్‌స్క్రిప్ట్‌లు తీసుకునేటప్పుడు సీలు వేసిన కవర్లు మీ షార్ట్‌లిస్ట్ సంఖ్య కంటే రెండు ఎక్కువ అడగండి. కవరు మూత మీద సంతకం, ముద్ర ఉండాలి. ఆ కవరు మీరు తెరిస్తే చెల్లదు. అప్‌లోడ్ చేయడానికి విడిగా ఒక తెరిచిన కాపీ తీసుకోండి. ఇప్పుడు చాలా యూనివర్సిటీలు అప్లికేషన్ దశలో స్కాన్ కాపీతోనే సరిపెట్టుకుని, సీటు ఖాయమయ్యాకే అసలువి అడుగుతాయి.

స్కాన్ చేసే పద్ధతి:

1. ఫోన్ ఫొటో వద్దు. ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 300 డీపీఐ పెట్టండి.
2. ప్రతి పేజీ వెనక వైపు కూడా స్కాన్ చేయండి. గ్రేడింగ్ పద్ధతి, పాస్ మార్కు ఎంత అన్నది చాలా మెమోల వెనకే ముద్రించి ఉంటుంది. అది లేకపోతే మీ 8.0 దేనికి 8.0 అన్నది అవతలివాళ్లకు అర్థం కాదు.
3. సెమిస్టర్ వరసలో ఒకే పీడీఎఫ్‌గా కలపండి. పాస్‌వర్డ్ పెట్టొద్దు.
4. పోర్టల్ చెప్పిన సైజు దాటితే 200 డీపీఐకి తగ్గించి మళ్లీ స్కాన్ చేయండి. ఆన్‌లైన్ కంప్రెసర్లలో వేస్తే చిన్న అంకెలు అలుక్కుపోతాయి.
5. కంప్యూటర్‌లో నూరు శాతం సైజులో తెరిచి, అన్నిటికన్నా చిన్న అక్షరాన్ని చదవండి. మీకు కనిపించకపోతే వాళ్లకూ కనిపించదు.

ఇంగ్లిష్‌లో లేని పత్రాలకు అధికారిక అనువాదం కావాలి. అసలు, అనువాదం రెండూ కలిపే పెట్టాలి.

గ్రేడ్లను మీరే 4.0 స్కేల్‌లోకి మార్చకండి. శాతాన్ని 25తో భాగించి రాసేయడం పెద్ద తప్పు. 72 శాతం 2.88గా మారి, మంచి విద్యార్థి బలహీనుడిగా కనిపిస్తాడు. మీ అసలు స్కేల్‌ను ఎంచుకుని అసలు అంకే రాయండి. మార్చి పంపమని యూనివర్సిటీయే అడిగితే డబ్ల్యూఈఎస్ లాంటి మూల్యాంకన సంస్థకు ఇవ్వాలి. అప్పుడు కూడా వాళ్లడిగింది పత్రాలవారీ రిపోర్టా, కోర్సులవారీ రిపోర్టా అన్నది చూసుకుని డబ్బు కట్టండి. జీపీఏ, క్రెడిట్లు కనిపించేది రెండో రకంలో.

జర్మనీ లెక్క మాత్రం మీరే వేసి చూసుకోవచ్చు. గరిష్ఠ గ్రేడు నుంచి మీ గ్రేడు తీసేయండి. దాన్ని గరిష్ఠానికీ పాస్ గ్రేడుకీ మధ్య తేడాతో భాగించి, 3తో గుణించి, 1 కలపండి. పదికి 8.0 వచ్చి, పాస్ గ్రేడు 4 అయితే: 2ని 6తో భాగించి 3తో గుణిస్తే 1, దానికి 1 కలిపితే 2.0. అదే పాస్ గ్రేడు 5 అని పడితే 2.2 అవుతుంది. అక్కడ చిన్న అంకె మంచిది. ప్రోగ్రాం 2.0 అడిగినచోట ఈ తేడాతో సీటే పోతుంది. మెమో వెనక భాగం స్కాన్ చేయమన్నది ఇందుకే. మెమోలో పాస్ గ్రేడు లేకపోతే పరీక్షల విభాగం లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఇండియా, చైనా, వియత్నాం డిగ్రీలతో జర్మనీ వెళ్లేవాళ్లకు, చదువు పత్రాలు అసలువేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా కావాలి. అది రావడానికి వారాలు పడుతుంది కాబట్టి ట్రాన్‌స్క్రిప్ట్‌తో పాటే దరఖాస్తు చేయండి.

బ్యాక్‌లాగులు ఉంటే దాచకండి. ట్రాన్‌స్క్రిప్ట్‌లో అవి కనిపిస్తూనే ఉంటాయి. "అదనపు సమాచారం" గడిలో రెండు వాక్యాలు చాలు: ఏ సెమిస్టర్‌లో, ఎందుకు, తర్వాత ఆ సబ్జెక్టులో ఏం చేశారు. ఎస్‌ఓపీలో ఆ ప్రస్తావన తేకండి.

5. రికమెండేషన్ లెటర్లు

అడగాల్సింది పెద్ద హోదా ఉన్నవాళ్లను కాదు, మీ పనిని దగ్గరగా చూసినవాళ్లను. మీ ప్రాజెక్టును వారం వారం చూసిన అసిస్టెంట్ ప్రొఫెసర్ రాసే పేజీన్నర లెటర్ ముందు, మీ ముఖం గుర్తులేని ప్రిన్సిపాల్ ఇచ్చే నాలుగు లైన్లు దేనికీ పనికిరావు. ముగ్గురిలో ఇద్దరు చదువు చెప్పినవాళ్లు, ఒకరు ఉద్యోగంలోనో ఇంటర్న్‌షిప్‌లోనో మీపై అధికారి అయితే చాలా ప్రోగ్రాంలకు సరిపోతుంది. పీహెచ్‌డీకి మాత్రం ముగ్గురూ పరిశోధన తెలిసినవాళ్లయితే మేలు.

కలిసి అడిగినా, ఆ తర్వాత ఇలా ఒక మెయిల్ పెట్టండి. ఇంగ్లిష్‌లోనే పంపినా సరుకు ఇదే:

"సార్, మూడో సంవత్సరంలో మీ దగ్గర ఫ్లూయిడ్ మెకానిక్స్ చదివాను. పైపుల్లో పీడన నష్టం మీద మినీ ప్రాజెక్టు మీ గైడెన్స్‌లోనే చేశాను. ఈ ఏడాది ఆరు యూనివర్సిటీలకు మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నాను. మొదటి గడువు డిసెంబరు 1. నా గురించి బలమైన లెటర్ రాయగలనని మీకు అనిపిస్తే రాయమని కోరుతున్నాను. వీలుకాకపోతే మొహమాటపడకుండా చెప్పండి సార్, వేరే ఏర్పాటు చేసుకుంటాను. మీరు సరేనంటే నా సీవీ, మార్కులు, ఎస్‌ఓపీ చిత్తుప్రతి, గడువుల పట్టిక ఒకే ఫైలులో పంపుతాను."

"బలమైన" అన్న మాట తీసేయకండి. ఇష్టం లేనివాళ్లు మర్యాదగా తప్పుకోవడానికి అది దారి ఇస్తుంది. మొక్కుబడిగా వచ్చే లెటర్ కంటే తిరస్కారమే నయం.

సరే అన్నాక పంపే ఫైలులో, వాళ్ల దగ్గర మీరు చేసిన పనుల గురించి నాలుగైదు గుర్తుచేసే వాక్యాలు పెట్టండి. "బాగా కష్టపడ్డాను" కాదు. "మూడో రీడింగ్ సెట్‌లో తేడా కనిపిస్తే మానోమీటర్ లీకేజీ కనిపెట్టి మళ్లీ కొలిచాం" లాంటివి. ఉత్తరం రాసేవాళ్లకు కావాల్సింది ఇలాంటి సంఘటనలే.

మీరే లెటర్లు రాసుకుని సంతకం పెట్టించుకునే పద్ధతికి దూరంగా ఉండండి. ఒకే చేతి వాక్యాలు మూడు లెటర్లలో కనిపిస్తే చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. రికమెండర్ పేరుతో జీమెయిల్ తెరిచి మీరే అప్‌లోడ్ చేయడం మోసం కిందికే వస్తుంది. అడ్మిషన్ ఇచ్చాక కూడా రద్దు చేస్తారు. ప్రొఫెసర్ "నువ్వే రాసుకురా" అంటే పైన చెప్పిన గుర్తుల జాబితా చేతికిచ్చి, మాటలు ఆయనవే ఉండేలా వినయంగా అడగండి.

పోర్టల్‌లో వాళ్ల వివరాలు నింపేటప్పుడు లెటర్ చూసే హక్కు వదులుకుంటారా అని అమెరికా యూనివర్సిటీలు అడుగుతాయి. వదులుకుంటానని టిక్ పెట్టండి. రాసినవాళ్లు స్వేచ్ఛగా రాశారన్న నమ్మకం కమిటీకి అప్పుడే కలుగుతుంది. కొన్ని పోర్టళ్లు వివరాలు సేవ్ చేయగానే లింక్ పంపుతాయి, కొన్ని ఫీజు కట్టి సబ్మిట్ చేశాకే పంపుతాయి. మీది ఏ రకమో మొదటి రోజే చూసుకోండి. రెండో రకమైతే ఇంకో రెండు వారాలు ముందుగానే సబ్మిట్ చేయాలి. లింక్ స్పామ్‌లో పడిందేమో చూడమని చెప్పండి. గడువుకు రెండు వారాల ముందు ఒకసారి, నాలుగు రోజుల ముందు ఇంకోసారి గుర్తుచేయడం తప్పేమీ కాదు.

6. పరీక్షలు

ఐఈఎల్‌టీఎస్‌లో అకడమిక్ రాయాలి, జనరల్ ట్రెయినింగ్ కాదు. బుకింగ్‌లో పొరపాటున రెండోది నొక్కితే ఫీజు, సమయం రెండూ పోతాయి. ఐఈఎల్‌టీఎస్, టోఫెల్ స్కోర్లు రెండేళ్లు, జీఆర్‌ఈ ఐదేళ్లు చెల్లుతాయి. ఆ రెండేళ్లు అప్లై చేసే తేదీకి లెక్కా, కోర్సు మొదలయ్యే తేదీకి లెక్కా అన్నది యూనివర్సిటీని బట్టి మారుతుంది. టోఫెల్ 2026 జనవరి నుంచి 1 నుంచి 6 వరకు కొత్త స్కేల్‌కి మారింది కాబట్టి, ప్రోగ్రాం పేజీలో 120కి చెప్పిన పాత అంకెనూ మీ కొత్త స్కోరునూ నేరుగా పోల్చకండి.

జీఆర్‌ఈ రోజున నాలుగు యూనివర్సిటీలకు ఉచితంగా స్కోరు పంపుకోవచ్చు. వాటి పేర్లు ముందే కాగితం మీద కాదు, బుర్రలో పెట్టుకుని వెళ్లండి. లోపలికి కాగితం తీసుకెళ్లనివ్వరు. జీఆర్‌ఈ "ఐచ్ఛికం" అన్నచోట, స్కోరు మీ మార్కుల కంటే బలంగా ఉంటేనే పంపండి. "అవసరం లేదు, చూడం" అన్నచోట పంపి ప్రయోజనం లేదు.

7. ఎస్‌ఓపీ

ముందు ప్రశ్న చదవండి. స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, పర్సనల్ స్టేట్‌మెంట్, పర్సనల్ హిస్టరీ ఒకటి కాదు. మొదటిది మీరేం చదవదలచుకున్నారో చెప్పేది. చివరిది మీరెక్కడి నుంచి ఎలా వచ్చారో చెప్పేది. రెండూ అడిగినచోట ఒకటే రాసి రెండు గడుల్లో అతికిస్తే రెండూ పాడవుతాయి. పదాల పరిమితి చెప్పకపోతే 800 నుంచి 1,000 పదాల మధ్య ఆపండి.

మొదటి పేరా దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. ఈ రెండూ చూడండి.

మొదటిది: "చిన్నప్పటి నుంచి నాకు కంప్యూటర్లంటే అమితమైన ఆసక్తి. అనుభవజ్ఞులైన అధ్యాపకులున్న మీ ప్రతిష్ఠాత్మక విశ్వవిద్యాలయంలో చదివి నా కల నెరవేర్చుకోవాలని ఆశిస్తున్నాను."

రెండోది: "చివరి సంవత్సరం ప్రాజెక్టులో ఆకు ఫొటో చూసి తెగులు గుర్తించే మోడల్ చేశాం. ల్యాబ్ ఫొటోల మీద 94 శాతం సరిగ్గా చెప్పింది, పొలంలో ఫోన్‌తో తీసిన ఫొటోల మీద 61కి పడిపోయింది. వెతికితే, మా ల్యాబ్‌లో మంచి ఆకులన్నీ తెల్ల గుడ్డ మీద, తెగులు ఆకులన్నీ నల్ల గుడ్డ మీద పెట్టి ఫొటోలు తీశారని తేలింది. మోడల్ గుడ్డ రంగు చూసి జవాబు చెబుతోంది. బ్యాక్‌గ్రౌండ్ తీసేసి మళ్లీ ట్రెయిన్ చేస్తే 78 దాకా వచ్చి ఆగింది. ఆ మిగిలిన తేడా ఎందుకొస్తుందో తెలుసుకోవడానికే మాస్టర్స్ చేయాలనుకుంటున్నాను."

మొదటి పేరా ఎవరైనా రాయొచ్చు. రెండోది ఆ పని చేసినవాళ్లే రాయగలరు. పైగా దానిలో ఒక వైఫల్యం, దాని కారణం, మిగిలిపోయిన ప్రశ్న ఉన్నాయి. కమిటీలు వెతికేది ఆ ప్రశ్న కోసమే.

ఆ తర్వాత వరస ఇది: ఆ ప్రశ్నకు మిమ్మల్ని సిద్ధం చేసిన రెండు పనులు (సీవీలోవన్నీ తిరిగి చెప్పొద్దు), ఈ ప్రోగ్రాంలోనే అది ఎందుకు సాధ్యం, చదివాక ఏం చేస్తారు. మూడో భాగంలో కోర్సుల పేర్లు, ల్యాబ్, ఒకరిద్దరు ప్రొఫెసర్ల పని రాయండి. ఆ ప్రొఫెసర్ ఇంకా అక్కడే ఉన్నారా, రిటైరయ్యారా, విద్యార్థుల్ని తీసుకుంటున్నారా అన్నది ఆయన సొంత పేజీలో చూసి రాయండి. వెళ్లిపోయిన ప్రొఫెసర్ పేరు రాస్తే పాత జాబితా నుంచి ఎత్తుకొచ్చారని తెలిసిపోతుంది.

సరిచూసుకునే పద్ధతులు మూడు. యూనివర్సిటీ పేరు తీసేసి వేరే పేరు పెట్టి చదవండి. "ఎందుకు ఈ ప్రోగ్రాం" పేరా అప్పుడూ అతికినట్టే ఉంటే దానిలో సరుకు లేదు, మళ్లీ రాయండి. ప్రింట్ తీసి పైకి చదవండి. నోరు తడబడిన వాక్యాన్ని రెండుగా విరవండి. చివరగా ఫైలులో మిగతా యూనివర్సిటీల పేర్లన్నీ ఒక్కొక్కటిగా సెర్చ్ చేయండి. ఒక్కటి దొరికినా ప్రమాదమే. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల వాక్యాలు ఎత్తుకోవద్దు, ఏఐతో మొత్తం రాయించొద్దు. వ్యాకరణం చూపించుకోవడం వేరు, మీ ప్రశ్నను వేరొకరితో ఆలోచింపజేయడం వేరు.

బ్యాచిలర్స్‌కి యూకాస్‌లో వెళ్లేవాళ్లకు పద్ధతి వేరు. 2026 ప్రవేశాల నుంచి పర్సనల్ స్టేట్‌మెంట్ మూడు ప్రశ్నలుగా విడిపోయింది. మొత్తం 4,000 అక్షరాలు, ఒక్కో జవాబు కనీసం 350. ఇవి పదాలు కావు, ఖాళీలతో కలిపి అక్షరాలు. ఐదు కోర్సులకూ అదే స్టేట్‌మెంట్ వెళ్తుంది కాబట్టి ఏ యూనివర్సిటీ పేరూ రాయకూడదు.

సీవీ ఒకటి రెండు పేజీలు. ఫొటో, తండ్రి పేరు, పెళ్లయిందా లేదా లాంటివి అమెరికా, బ్రిటన్‌లకు అక్కర్లేదు.

8. ఫారం నింపి సబ్మిట్ చేయడం

ఫీజు మినహాయింపు అడగాలంటే డబ్బు కట్టకముందే అడగాలి. కట్టాక తిరిగి రాదు. చదువు తేదీల మధ్య ఖాళీ ఉంటే ఆ కాలంలో ఏం చేశారో ఒక లైను రాయండి. ఫలితాలు రాని సెమిస్టర్‌కి ఊహించిన మార్కులు వేయకండి; "కొనసాగుతోంది" అని పెట్టండి. ఒకే యూనివర్సిటీలో దాదాపు ఒకే పేరుతో రెండు మూడు ప్రోగ్రాంలుంటాయి. మెనూలో ఎంచుకున్నది, ఎస్‌ఓపీలో రాసింది ఒకటేనా అన్నది చూసుకోండి.

సబ్మిట్ ముందు ప్రివ్యూ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవండి. అప్‌లోడ్ చేసిన ప్రతి ఫైలూ తెరుచుకుంటోందా, ఒకదాని స్థానంలో ఇంకొకటి పడిందా అన్నది ఇక్కడే తెలుస్తుంది. మీరు ఒకసారి, పాస్‌పోర్ట్ చేతిలో పెట్టుకుని ఇంకొకరు ఒకసారి చూస్తే తప్పులు బయటపడతాయి.

9. సబ్మిట్ తర్వాత

రెండు మూడు రోజుల్లో స్టేటస్ పోర్టల్ లింక్ వస్తుంది. దానిలో ఒక్కో పత్రం ఎదురుగా అందింది, అందలేదు అని ఉంటుంది. వారానికోసారి చూడండి. స్కోరు పంపి రెండు వారాలైనా అందలేదని చూపిస్తుంటే అప్లికేషన్ ఐడీ, పరీక్ష రిజిస్ట్రేషన్ నంబర్, పుట్టిన తేదీ రాసి ఒక మెయిల్ పెట్టండి. రోజూ మెయిళ్లు పెట్టడం వల్ల పని వేగంగా జరగదు.

సీటు వచ్చాక అది షరతులతో వచ్చిందా లేదా అన్నది చదవండి. తుది మార్కులు, అసలు ట్రాన్‌స్క్రిప్ట్, ఇంగ్లిష్ స్కోరు లాంటి షరతులుంటే వాటి గడువులు షీట్‌లో ఎక్కించండి. అమెరికాలో కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానంపై సంతకం చేసిన యూనివర్సిటీలు ఫెలోషిప్ లేదా అసిస్టెంట్‌షిప్‌తో సీటిస్తే, జవాబు చెప్పడానికి ఏప్రిల్ 15 వరకు సమయం ఇవ్వాలి. అంతకుముందే తేల్చమని ఒత్తిడి వస్తే ఆ తీర్మానం ప్రస్తావించి మర్యాదగా సమయం అడగొచ్చు. ఫండింగ్ లేని సీటుకు ఈ రక్షణ వర్తించదు. అక్కడ డిపాజిట్ గడువే లెక్క. డిపాజిట్ కట్టే ముందు, వీసా రాకపోతే తిరిగి ఇస్తారా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి. వద్దనుకున్న సీట్లను పోర్టల్‌లో వదులుకోండి; వెయిట్‌లిస్ట్‌లో మరో విద్యార్థి ఎదురుచూస్తుంటారు.

డబ్బు రుజువులు ఈ దశలో కావాలి. బ్రిటన్ వీసాకు చూపించే మొత్తం వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి, ఒక్కరోజు తగ్గినా మళ్లీ మొదటి నుంచి లెక్క. ఆ 28 రోజులు ముగిసిన తేదీ, వీసాకు అప్లై చేసే రోజుకు 31 రోజుల లోపే ఉండాలి. జర్మనీకి బ్లాక్డ్ అకౌంట్ పద్ధతి: ఏడాది ఖర్చు ముందే ఖాతాలో వేస్తే, అక్కడికి వెళ్లాక నెలనెలా కొంత చొప్పున తీసుకోనిస్తారు. 2024 సెప్టెంబరులో దాని మొత్తాన్ని ఏడాదికి 11,904 యూరోలు చేశారు. ఇలాంటి అంకెలు మారుతుంటాయి కాబట్టి డబ్బు వేసే ముందు ఎంబసీ వెబ్‌సైట్‌లో చూడండి.

వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం (అమెరికా అయితే ఐ-20, బ్రిటన్ అయితే సీఏఎస్, ఆస్ట్రేలియా అయితే సీఓఈ) చేతికి రాగానే పాస్‌పోర్ట్ పక్కన పెట్టుకుని పేరు, పుట్టిన తేదీ, ప్రోగ్రాం పేరు, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, ఫీజు మొత్తం ఒక్కొక్కటి వేలు పెట్టి సరిచూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా వీసా ఫారం తెరవకముందే యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకు రాసి, సరిచేసిన పత్రం తెప్పించుకోండి.